పెద్దక్షరాలు, చిన్నక్షరాలు



మనం అక్షరాలు నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. రేషన్ కార్డులో మన పేరు సరిగా ఉందో లేదో చూసుకుంటున్నాం. వేలిముద్ర మాని సంతకం పెడుతున్నాం.

ఇప్పుడు ముత్తుకూరు సెంటర్లో ఒక్క నిమిషం నిలబడి చుట్టూ చూడండి. గోడ నిండా అక్షరాలే. సిమెంటు, రొయ్యల మేత, చీరల కొట్టు, బంగారం మీద అప్పు, మొలలకు మందు. మైకు కట్టుకుని ఆటో పోతూ ఉంటుంది. అక్షరం రానప్పుడు ఇవన్నీ మనకు బొమ్మలు. ఇప్పుడు ఇవి మాటలు. ఎవరో మనతో మాట్లాడుతున్నారు. ఎవరు? మన చేత ఏం చేయించాలని?

ఈ పాఠం రాయడానికి ఒక కారణం ఉంది. అది చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

2024 ఎండాకాలం. మా రాత్రి బడికి వచ్చే ఒక అక్క బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండేళ్ల బిడ్డ.

"టీచరమ్మా, ఏం ఇయ్యమంటావు?" అని అడిగింది.

"ఓఆర్‌ఎస్ పట్టించక్కా" అన్నాను. ఆ మాట తప్పు కాదు.

అక్క మందుల షాపుకు పోయి ఒక అట్టపెట్టె తెచ్చింది. లోపల రసం, పక్కన పీల్చుకునే గొట్టం. పెట్టె మీద పండు బొమ్మ. ఓఆర్‌ఎస్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. "ఇదేనా?" అని నాకు చూపించింది. "ఇదే" అన్నాను.

బిడ్డ ఇష్టంగా తాగింది. తియ్యగా ఉంది గదా! ఆ రోజు మూడు పెట్టెలు తాగింది. విరేచనాలు తగ్గలేదు, ఇంకా ఎక్కువైనాయి. రెండో రోజుకు బిడ్డ కళ్లు లోపలికి పోయినాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. రాత్రంతా సెలైన్ ఎక్కించారు. బిడ్డ బతికింది.

డాక్టరమ్మ ఆ పెట్టె తిప్పి చూసింది. "ఇది ఓఆర్‌ఎస్ కాదమ్మా, తీపి నీళ్లు. ఇక్కడ చూడండి" అని చూపించింది. చీమ తలకాయంత అక్షరాలు. అదీ ఇంగ్లీషులో. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఇది కాదని అక్కడ రాసే ఉంది.

నేను టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని. ఇంగ్లీషు చదవగలను. అయినా ఆ రోజు నేను పెద్దక్షరాలు మాత్రమే చదివాను. ఆ అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అసలు ఓఆర్‌ఎస్ అంటే ఏమిటో చూద్దాం. ఒక లీటరు నీళ్లలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా రెండు రకాల లవణాలు కలిపి ఉండాలి. ఈ లెక్క మారకూడదు. ఆ కొంచెం చక్కెర ఉప్పును, నీళ్లను పేగులోంచి ఒంట్లోకి లాగుతుంది. చక్కెర ఎక్కువైతే పని తలకిందులవుతుంది. ఒంట్లో నీళ్లే పేగులోకి దిగుతాయి. విరేచనాలు పెరుగుతాయి. ఆ పెట్టెల్లో దొరికే రసాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ.

హైదరాబాదులో శివరంజని సంతోష్ అని ఒక పిల్లల డాక్టరు ఉన్నారు. ఇట్లాంటి పెట్టెల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు ఉండకూడదని ఆమె ఎనిమిదేళ్లు పోరాడారు. హైకోర్టుకు కూడా పోయారు. 2022లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడవద్దని ముందు చెప్పింది. కొన్ని నెలలకే మాట మార్చింది. "ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదు అని రాసి అమ్ముకోండి" అన్నది. అట్లా పుట్టినవే నేను చదవని ఆ చిన్నక్షరాలు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతి కూడా తీసేసింది. సరైన లెక్కతో చేసినది తప్ప మరే రసం మీదా ఓఆర్‌ఎస్ అనే పేరు ఉండకూడదు.

అదే తీపి నీళ్లు రేపు వేరే పేరుతో రావచ్చు. కాబట్టి గుర్తు పెట్టుకోండి. అసలు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీదే రాసి ఉంటుంది. అన్ని నీళ్లలోనే కలపాలి. దాంతో పాటు 14 రోజులు జింకు బిళ్లలు కూడా ఇస్తారు. ప్యాకెట్టు దొరికేలోపు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు. చెంచా గోపురంగా కాదు, సమంగా ఉండాలి.

ఈ సంగతి తర్వాత మా బడిలో ఒక అలవాటు మొదలుపెట్టాం. ఇంట్లో ఉండే ప్యాకెట్లు, డబ్బాలు తెచ్చి చదవడం. అప్పుడు నాకొకటి తెలిసివచ్చింది. పెద్దక్షరాలు అమ్మేవాడు తన ఇష్టంతో రాసేవి. చిన్నక్షరాలు చట్టం రాయమంటే రాసేవి. ఎక్కువ అబద్ధాలు పెద్దక్షరాల్లోనే ఉంటాయి. కొన్నిసార్లు అబద్ధం కూడా ఉండదు. నిజాన్నే వంకరగా చెబుతారు.

నూనె ప్యాకెట్టు చూడండి. కృష్ణపట్నం రేవుకు ఓడల్లో ముడి పామాయిలు వస్తుంది. మన పంటపాళెం దగ్గర ఫ్యాక్టరీల్లో దాన్ని శుద్ధి చేస్తారు. ఈ నూనె, ఆ నూనె అని లేదు, ఎన్నో ప్యాకెట్ల మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసుకున్నారు. అది నిజమే. కానీ కొలెస్ట్రాల్ మాంసంలో, గుడ్డులో, నెయ్యిలో, రొయ్యల్లో ఉంటుంది. గింజ నుంచి, కాయ నుంచి తీసిన నూనెలో అసలు ఉండదనే చెప్పాలి. "మా కొబ్బరికాయలో ఎముకలు లేవు" అంటే ఎట్లా ఉంటుంది? ఇదీ అంతే. గుండెకు చెరుపు చేసే గట్టి కొవ్వు ఎంతుందో వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. పామాయిల్లో అది దాదాపు సగం.

ఇంకొక చిన్న మాట "వరకు". చీరల కొట్టు మీద "50 శాతం వరకు తగ్గింపు" అని ఉంటుంది. 50 పెద్దది. "వరకు" చిన్నది. మూలన పడేసిన నాలుగు చీరల మీద సగం తగ్గించినా ఆ మాట నిజమైపోతుంది. మిగతా వాటి మీద అయిదు శాతమే తగ్గించవచ్చు. "ఈ రోజే ఆఖరు" అని కూడా రాస్తారు. ఆఖరు రోజు పోయినాక మళ్లీ పోయి చూడండి.

అప్పు సంగతి దీనికంటే పెద్దది. "నూటికి రూపాయే వడ్డీ" అని ప్రకటన ఉందనుకోండి. 12,000 రూపాయలు తీసుకున్నారు. నెలకు వెయ్యి చొప్పున 12 నెలల్లో అసలు తీర్చాలి. వాళ్లు వడ్డీ ఎట్లా కట్టారు? 12,000కు నెలకు 120. పన్నెండు నెలలకు 1,440. లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది గదా! కానీ రెండో నెలలో మీ దగ్గర ఉన్న అప్పు 11,000 మాత్రమే. మూడో నెలలో 10,000. చివరి నెలలో వెయ్యి. ఉన్న అప్పు మీదే నూటికి రూపాయి చొప్పున వేస్తే మొత్తం వడ్డీ 780 రూపాయలు. వాళ్లు తీసుకునేది 1,440. అంటే నూటికి దాదాపు రూపాయి ఎనభై అయిదు పైసలు పడినట్టు. పలక మీద వేసి చూడండి. మా బడిలో పొదుపు సంఘం అక్కలు ఈ లెక్క నాకంటే తొందరగా చేశారు. సంతకం పెట్టే ముందు అడగవలసిన మాట ఒకటే: "వడ్డీ మొదటి అసలు మీదనా, మిగిలిన అసలు మీదనా?"

ప్రకటనలో సినిమా నటుడు ఉంటాడు. ఆయనంటే మనకు అభిమానం. ఆ అభిమానాన్నే కంపెనీ అద్దెకు తీసుకుంటుంది. ఆయనకు డబ్బు ముడుతుంది. ఆ నూనె ఆయన ఇంట్లో వాడతారో లేదో మనకు తెలియదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కంపెనీకే కాదు, అందులో కనిపించిన పేరున్నవారికి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.

మందుల ప్రకటనలకు అంతకంటే పాత చట్టం ఉంది. 1954 నాటిది. షుగరు, క్యాన్సరు, మూర్ఛ, పక్షవాతం లాంటి 50కి పైగా జబ్బులను నయం చేస్తామని ప్రకటన వేయడమే నేరం. బస్టాండు గోడ చూస్తే ఆ చట్టం ఉందని ఎవరూ అనుకోరు! 2024లో సుప్రీంకోర్టు పతంజలి కంపెనీ మీద ఇట్లాంటి కేసు విచారించింది. కంపెనీ పత్రికల్లో క్షమాపణ ప్రకటన వేసింది. జడ్జిలు ఏమడిగారో తెలుసా? మీ మందుల ప్రకటనలు ఎంత పెద్దగా వేశారు, ఈ క్షమాపణ అంత పెద్దగా వేశారా అని. మరుసటి రోజు కంపెనీ మళ్లీ పెద్దక్షరాలతో వేసింది. ఆ వార్త చదివినప్పుడు, మా బడిలో మేము అడిగే ప్రశ్నే సుప్రీంకోర్టు కూడా అడిగిందని నాకు సంతోషం వేసింది.

ఇంతవరకు అక్షరాల సంగతి. అక్షరాలే లేని ప్రచారం ఇంకొకటి ఉంది. అది నోటి మాట. దాన్ని మన మండలంలోనే చూశాం.

2021 మే నెల. కరోనా రెండోసారి వచ్చిన కాలం. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. ఆక్సిజన్ కోసం పరుగులు. కృష్ణపట్నంలో ఆనందయ్య గారు ఆకులు, దినుసులతో మందు చేసి పంచుతున్నారు. ముందుగా ఒక మాట చెప్పాలి. ఆయన ఆ మందుకు డబ్బు తీసుకోలేదు. ఎవరినీ రమ్మని గోడల మీద రాయలేదు. అయినా వేలమంది వచ్చారు. మే 21న కృష్ణపట్నం దారి పొడుగునా బండ్లే. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లను అంబులెన్సుల్లో తెచ్చారు. జబ్బున్నవాళ్లు, లేనివాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు.

ఎందుకు వచ్చారు? ఒక వీడియో ఉంది. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు కంటిలో చుక్కలు వేయించుకున్నారు. కాసేపటికే ప్రాణం లేచి వచ్చిందని చెప్పారు. ఆ వీడియో ఫోన్లలో ఊరూరూ తిరిగింది. టీవీల్లో రోజంతా చూపించారు. మందుకు డబ్బు లేదు కానీ, మనం టీవీ ముందు కూర్చున్నంతసేపూ టీవీ వాళ్లకు లాభమే.

ఆ హెడ్మాస్టరు గారు మే 31న నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. చుక్కల వల్ల చనిపోయారని నేను చెప్పడం లేదు. ఆయన జబ్బు తీవ్రమైనది. నేను అడిగేది వేరు. ఆయన లేచి మాట్లాడిన వీడియో ఎంతమంది చూశారు? ఆయన పోయారన్న వార్త ఎంతమంది విన్నారు?

అదే మే 31న ప్రభుత్వం పరీక్షల ఫలితం చెప్పింది. ఆ మందు హాని చేయదు. కానీ దానితో కరోనా తగ్గుతుందని రుజువు లేదు. కావాలంటే వాడుకోండి, డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానవద్దు అన్నది. కంటి చుక్కలకు ఆ రోజు అనుమతి ఇవ్వలేదు. "హాని లేదు" అన్నది పెద్దక్షరాలైంది. "రుజువు లేదు" అన్నది చిన్నక్షరాలైంది.

"నాకు తగ్గింది" అని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారా? లేదు. నిజంగానే తగ్గింది. కానీ మన దేశంలో కరోనా ఉందని తేలినవాళ్లలో నూటికి 98 మందికి పైగా బతికారు. ఆ మందు వేసుకున్నవాళ్లూ బతికారు, వేసుకోనివాళ్లూ బతికారు. ఆ జబ్బుకు నూరు మందికి మంచినీళ్లు ఇచ్చి, "ఎట్లుంది?" అని అడిగినా తొంభై మందికి పైగా "బాగుంది" అంటారు. పోయినవాళ్లు వచ్చి చెప్పరు గదా. అందుకే ఒక మందు పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి మందు ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను పక్కపక్కన పెట్టి లెక్క చూస్తారు. "మా మామకు తగ్గింది" అన్నది లెక్క కాదు.

రొయ్యల గుంటల సంగతీ ఇంతే. పోస్టరు మీద ఒక రైతు పెద్ద రొయ్య పట్టుకుని నవ్వుతుంటాడు. ఈ మందు చల్లాను, ఇంత పంట వచ్చింది అంటాడు. అదే మందు చల్లి గుంట ఎండబెట్టుకున్న రైతు బొమ్మ ఎవరూ వేయరు. 1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చి మన కోస్తా గుంటలు పోయినాయి. ఆ వైరసును నయం చేసే మందు ఈనాటికీ లేదు. ఉందని ఎవరైనా పొడి అమ్మితే, కొనేముందు ముత్తుకూరులోనే ఉన్న మత్స్య కళాశాలకు పోయి అడగండి. అడిగినందుకు ఎవరూ డబ్బు తీసుకోరు.

మన మనిషే చెబితే కాదనడం ఇంకా కష్టం. అగ్రిగోల్డు సంగతి మీకు తెలుసు. ఆ కంపెనీ మన ఇంటికి రాలేదు. మన ఇంటికి వచ్చింది మన మేనత్త కొడుకు, పక్కింటి అన్న, పిల్లల ట్యూషను మాస్టరు. వాళ్లే ఏజెంట్లు. మోసం చేయాలని వాళ్లూ అనుకోలేదు. చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టారు. ఎనిమిది రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా వసూలైంది. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. చిన్న మొత్తాలు కట్టినవాళ్లకు, 10 వేల లోపు వారికి 2019లో, 20 వేల లోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. మనిషి మంచివాడే. కానీ మనం డబ్బు ఇచ్చేది మనిషికి కాదు, అతని వెనక ఉన్న కంపెనీకి. డిపాజిట్లు తీసుకోవడానికి ఆ కంపెనీకి రిజర్వు బ్యాంకు అనుమతి ఉందా? ఆ కాగితం చూపించమని మేనత్త కొడుకునైనా అడగవచ్చు. కోపం వస్తే రెండు రోజులు ఉంటుంది.

ఫోనులో వచ్చే కబుర్లకూ చిన్న గుర్తు ఉంది. వాట్సాప్‌లో కొన్ని కబుర్ల పైన రెండు బాణం గుర్తులు కనిపిస్తాయి. అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అంటే పంపిన మీ తమ్ముడు దాన్ని చూడలేదు, వినలేదు. ఎవరో పంపితే తోసేశాడు.

ఇవన్నీ ఒక రాత్రి బడిలో చెబుతున్నాను. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచింది.

"అంతా బాగుండాది గానీ టీచరమ్మా, మీ పుస్తకం మాత్రం ప్రచారం గాదా? సారా తాగొద్దు, బిడ్డల్ని బడికి పంపండి అని మీరూ మాకు ఎక్కిస్తానే ఉండారు గదా!"

అందరూ నవ్వారు. నేను ఆ రాత్రి సరిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచించాను.

పెద్దమ్మ చెప్పింది నిజమే. మన జిల్లాలో 1990 జనవరిలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పాటలు, నాటకాలు, ఊరేగింపులు, అన్నీ ప్రచారమే. ఆ చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల నాశనమైన ఇంటి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ గారు ముందు నిలబడ్డారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. సారా పాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపారు. 1995లో మద్యం మొత్తం నిషేధించి, 1997లో మళ్లీ సడలించారు. అది వేరే కథ.

అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మమ్మ చెబుతుంది. సారా వైపు కూడా ప్రచారం ఉండేదట. కష్టం చేసే మగవాడికి అది లేకపోతే ఒళ్లు నొప్పులు పోవన్నారు. సారా ఆదాయం లేకపోతే ప్రభుత్వం నడవదన్నారు. రెండు వైపులా మాటలే. మరి ఆడవాళ్లు ఒకదాన్నే ఎందుకు నమ్మారు? సీతమ్మ కథ నిజమో కాదో తేల్చుకోవడానికి వాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. మగవాడు ఎంత సంపాదించాడు, ఎంత ఇంటికి తెచ్చాడు, ఎన్ని దెబ్బలు పడ్డాయి, పొయ్యి ఎన్ని పూటలు వెలగలేదు. ఆ లెక్క వాళ్ల ఇంట్లోనే ఉంది. పుస్తకం చెప్పింది, వాళ్లు తమ ఇంటితో సరిచూసుకున్నారు. సరిచూసుకోవద్దు, తొందరగా కొను, తొందరగా కట్టు అన్న మాటకూ ఈ మాటకూ తేడా అదే.

మరుసటి వారం పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అట్టయితే నీ మాట కూడా చూసుకోవాల్సిందే" అన్నది. నా సంచిలో పాఠం కోసం పెట్టుకున్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు అడిగింది. దీపం దగ్గరకు తీసుకుపోయింది. పెద్దక్షరాలు వదిలేసి అడుగున ఉన్న అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"ఏందమ్మా ఇది! దీని గడువు పోయిన నెలతోనే అయిపోయుండాదే!"

నిజమే. తెల్లారి ఆశా అక్క దగ్గరకు పోయి కొత్త ప్యాకెట్లు తెచ్చుకున్నాను. తేదీ చూసే తెచ్చుకున్నాను.